ఊళ్ళో పాత ఇంటికి గీజరు, కమోడు పెట్టించాలంటే: ఏ పని ముందు, ఏ పని తరువాత

కార్తీక మాసం దగ్గర పడేసరికి నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. "ఊళ్ళో అమ్మానాన్నలకు గీజరు పెట్టిద్దామనుకుంటున్నాం, ఎన్ని లీటర్లది తీసుకోమంటారు?" అని హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, అమెరికా నుంచి కూడా అడుగుతారు. ఆ ఇంట్లో ఎర్తు, అంటే లీకైన కరెంటును భూమిలోకి పంపే ఏర్పాటు, ఉందా అని నేను తిరిగి అడుగుతాను. చాలామంది దగ్గర దానికి జవాబు ఉండదు. పాత ఇళ్ళలో గీజరు వల్ల వచ్చే ఇబ్బందులు గీజరులో కంటే దాని వెనక ఉన్న తీగలోనూ, గోడలోనూ, గొట్టంలోనూ ఎక్కువగా ఉంటాయి. కనుక డబ్బు ముందుగా కంటికి కనిపించని పనుల మీద పెట్టండి. గీజరు అన్నిటికంటే చివర కొనవలసిన వస్తువు.

మా అమ్మ ఇంట్లో జరిగింది చెబుతాను. మీటరు దగ్గర నుంచి వచ్చిన బోసి జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) తీగను పెరట్లో భూమిలోకి దిగే ఇనుప నీళ్ళ గొట్టానికి క్లిప్పుతో బిగించి ఉండేది. అప్పట్లో అదే ఎర్తు. గొట్టం తుప్పు పట్టి కారుతోందని నేనే దగ్గరుండి ప్లాస్టిక్ గొట్టం వేయించాను. గోడకు జానెడు ఇనుప ముక్క మిగిలింది, తీగ దానికే బిగించి ఉండిపోయింది. చూసినవారికి ఎర్తు ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ ఆ ముక్కకు భూమితో సంబంధం లేదు. ఏడాది తిరిగాక ఒక ఉదయం అమ్మ ఫోను చేసి, "కుళాయి తిప్పితే వేళ్ళు జివ్వుమంటున్నాయిరా" అంది. ఆ రోజు ఆమె కాలికి చెప్పులు ఉన్నాయి. ఇనుప గొట్టం తీసి ప్లాస్టిక్ గొట్టం వేయించిన ప్రతి పాత ఇంటిలోనూ ఈ ప్రమాదం ఉందనే అనుకుని పని మొదలుపెట్టండి.

కావలసినవి

- ఎర్తు కోసం 40 మిల్లీమీటర్ల వ్యాసం, రెండున్నర మీటర్ల పొడవు ఉన్న జీఐ గొట్టం, బొగ్గు, ఉప్పు, 8 నంబరు జీఐ తీగ. గుంట తవ్వే చోటు లేకపోతే బజారులో దొరికే కెమికల్ ఎర్త్ రాడ్డు వాడవచ్చు.
- ఫేజుకు, న్యూట్రలుకు, ఎర్తుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 16 ఆంపియర్ల ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేది), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేది), సూచిక దీపం ఉన్న 20 ఆంపియర్ల డీపీ స్విచ్చి (ఫేజును, న్యూట్రలును రెండింటినీ ఆపేది).
- వేడి నీళ్ళకు సీపీవీసీ గొట్టాలు, వాటి జిగురు, కుళాయి బిగించే చోట్లకు ఇత్తడి మర ఉన్న ఫిట్టింగులు.
- ఐఎస్‌ఐ గుర్తు, స్టార్ లేబులు రెండూ ఉన్న స్టోరేజి గీజరు, దానితో వచ్చే సేఫ్టీ వాల్వు.
- కమోడు పెట్టిస్తే 110 మిల్లీమీటర్ల గొట్టం, పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు.
- ఒక మల్టీమీటరు (వోల్టేజి కొలిచే చిన్న పరికరం). ఖరీదు కొద్ది వందలే కనుక ఇంట్లోనే ఉంచండి.

1. ముందుగా ఇంటిని చదవండి

ఊరికి వెళ్ళిన రోజున, లేదా ఊళ్ళో ఉన్నవారి చేత, నాలుగు ఫొటోలు తీయించండి: మీటరు బోర్డు, స్నానాల గది గోడ లోపలి వైపు, నీళ్ళ ట్యాంకు, మురికినీరు బయటికి వెళ్ళే తూము. కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు (మీ కనెక్షనుకు మంజూరైన లోడు) ఎంత రాసి ఉందో చూడండి. 2 కిలోవాట్ల గీజరుతో పాటు మోటారు, ఫ్రిజ్జి కూడా నడవాలంటే ఒక కిలోవాటు లోడు చాలదు. అదనపు లోడుకు ముందే దరఖాస్తు పెట్టుకోండి.

తరువాత మూడు రోజుల పాటు ఉదయం 6 గంటలకు వోల్టేజి కొలవమనండి. ఈ పని అనవసరమని చాలామంది వదిలేస్తారు కానీ గీజరు ఎంపిక దీని మీదే ఆధారపడి ఉంటుంది. 230 వోల్టుల దగ్గర 2,000 వాట్లు లాగే గీజరు, 180 వోల్టుల దగ్గర సుమారు 1,225 వాట్లే ఇస్తుంది. పదిహేను లీటర్ల నీళ్ళను 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి మామూలుగా 21 నిమిషాలు పడితే, తక్కువ వోల్టేజిలో 34 నిమిషాలు పడుతుంది. కొత్త గీజరు పాడైందని కంపెనీకి ఫోను చేసేవారిలో కొందరి ఇబ్బంది నిజానికి ఇదే.

2. ఎర్తు వేయించండి

గోడకు కనీసం ఒకటిన్నర మీటర్ల దూరంలో, తేమ నిలిచే చోట గుంట తవ్వించండి. తులసి కోట దగ్గరో, పెరటి కుళాయి నీళ్ళు పారే చోటో మంచిది. గొట్టాన్ని నిలువుగా దించి, చుట్టూ ఒక పొర బొగ్గు, ఒక పొర ఉప్పు చొప్పున నింపించి, పైన నీళ్ళు పోయడానికి గరాటు, మూత ఉంచండి. జీఐ తీగను గొట్టానికి నట్టు, బోల్టు వేసి బిగించాలి. ఊరికే చుట్టి వదిలేస్తే రెండు వానాకాలాల్లో తుప్పు పట్టి తెగిపోతుంది.

ఎలక్ట్రీషియను ఎర్త్ టెస్టరుతో కొలిస్తే 5 ఓముల లోపు రావడం మంచిది. రాతి నేలల్లో అంత తక్కువ రాకపోతే, కొంత దూరంలో రెండో గొట్టం దింపి రెండింటినీ కలపమనండి.

హెచ్చరిక: న్యూట్రలు తీగకే ఎర్తును కలిపేసి "ఇదే ఎర్తు" అని చెప్పేవారు ఉన్నారు. ఊరి లైనులో న్యూట్రలు తెగిన రోజున గీజరు ఒంటికి, కుళాయికి నేరుగా కరెంటు వస్తుంది. ఈ ఒక్క విషయంలో ఎవరు ఎంత నచ్చజెప్పినా ఒప్పుకోవద్దు.

3. గీజరుకు వేరే లైను లాగించండి

2 కిలోవాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. పాత ఇంట్లో దీపాలకు వేసిన సన్న తీగ నుంచి దానికి కనెక్షను ఇవ్వకూడదు. మీటరు బోర్డు నుంచి నేరుగా కొత్త తీగ లాగి, బోర్డు దగ్గర ఎంసీబీ, ఆర్‌సీసీబీ పెట్టించండి. స్విచ్చి స్నానాల గది బయటే ఉండాలి. లోపల సాకెట్టు తప్పనిసరైతే గీజరు పక్కన, షవరు తుంపర అందనంత ఎత్తున, దూరాన పెట్టించండి. ఇన్వర్టరు లైనుకు గీజరును కలపవద్దు.

ఇల్లంతటికీ ఒకే ఆర్‌సీసీబీ పెడితే పాత వైరింగులో ఎక్కడో ఉన్న చిన్న లీకుకు అది మాటిమాటికీ పడిపోతుంది. విసుగెత్తి ఎవరో ఒకరు దాన్ని తీసేసి తీగలు నేరుగా కలిపేస్తారు. వైరింగు అంతా మార్చే స్తోమత ఇప్పుడు లేకపోతే, ఆర్‌సీసీబీని గీజరు లైనుకు మాత్రమే పెట్టించండి. అప్పుడు అది నిలుస్తుంది.

4. గోడ మోస్తుందో లేదో తేల్చుకోండి

పదిహేను లీటర్ల గీజరు నీళ్ళతో నిండాక పాతిక కిలోల దాకా ఉంటుంది. సిమెంటుతో కట్టిన ఇటుక గోడకు అది బరువే కాదు. మట్టి గోడ, గానుగ సున్నంతో కట్టిన గోడ అలా కాదు. డ్రిల్లు పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ఎర్రటి పొడి గట్టిగా, నిదానంగా వస్తే ఇటుక దొరికినట్టు. డ్రిల్లు వెన్నలోకి దిగినట్టు దిగి, తెల్లటి సున్నమో మెత్తటి మన్నో జలజలా రాలి, బిగించిన బోల్టు వేళ్ళతో తిప్పితేనే తిరుగుతుంటే అక్కడ గీజరు వేలాడదీయవద్దు. ఆ రోజుకు నిలిచినా, ప్రతి స్నానం ఆవిరితో తేమ పట్టి గోడ వదులవుతూ వస్తుంది.

అలాంటి గోడకు మూడు దారులు ఉన్నాయి. గోడ అవతలి వైపు ఇనుప పట్టీ పెట్టి, గోడ మందం అంతా దాటే పొడవు బోల్టులతో బిగించవచ్చు. లేదా నేల మీద నుంచి ఆరడుగుల ఇనుప యాంగిల్ స్టాండు చేయించి, గీజరును దానికి తగిలించవచ్చు. వెల్డింగు షాపులో ఒక పూట పని. నేను ఎక్కువగా చేయించేది మూడోది: పాత గోడను ముట్టుకోకుండా, ఇంటికి ఆనుకుని సిమెంటు ఇటుకతో కొత్త స్నానాల గది కట్టించి, పైన చిన్న స్లాబు వేయించడం. ఖర్చు ఎక్కువే. కానీ మట్టి గోడకు టైల్సు అతికించి, అవి ఊడి, లోపల గోడ నాని, ఆ తరువాత ఎలాగూ పెట్టే ఖర్చుతో పోలిస్తే తక్కువ.

5. ట్యాంకు, గొట్టాలు

ట్యాంకు అడుగు గీజరు పైభాగం కంటే ఎంత ఎత్తున ఉంటే నీళ్ళు అంత ధారగా వస్తాయి. పది మీటర్ల ఎత్తు ఉంటేనే ఒక బార్ ఒత్తిడి. స్నానాల గది స్లాబు మీదే ట్యాంకు పెడితే అందులో పదో వంతు కూడా రాదు. అందుకే చాలా ఊళ్ళలో చల్లనీళ్ళు ధారగా, వేడినీళ్ళు దారంలా వస్తుంటాయి. ట్యాంకును మూడు నాలుగు అడుగుల దిమ్మె మీదో, ఇనుప స్టాండు మీదో ఎత్తించండి. 500 లీటర్ల ట్యాంకు నిండితే అర టన్ను బరువు. పెంకుటింటి దూలాల మీద గానీ, పాత గోడ మీద గానీ దాన్ని ఎప్పుడూ పెట్టవద్దు.

వేడినీళ్ళ వైపు మామూలు తెల్ల పీవీసీ గొట్టం వేయనివ్వకండి. అది వేడికి మెత్తబడి వంగి, అతుకుల దగ్గర వదిలేస్తుంది. సీపీవీసీ గొట్టం 90 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. జిగురు వేసిన రోజే నీళ్ళు వదలకుండా, డబ్బా మీద రాసినంత సేపు ఆరనివ్వండి. గోడలో మూసేయక ముందు ఒక రాత్రంతా నీళ్ళు నింపి ఉంచి, ఉదయాన్నే ప్రతి అతుకునూ పొడి కాగితంతో తుడిచి చూడండి. కాగితం తడిస్తే మేస్త్రిని ప్లాస్టరింగు ఆపమనండి.

6. నేల వాలు

స్నానాల గది నేలకు ఆరు అడుగులకు ఒక అంగుళం పైచిలుకు వాలు, తూము వైపు ఉండాలి. పాత నాపరాళ్ళ మీదే టైల్సు వేయించే ఇళ్ళలో ఒక పొరపాటు తప్పకుండా జరుగుతుంది: నేల అంగుళంన్నర పెరిగి, పక్క గదితో సమమై, నీళ్ళు ఇంట్లోకి వస్తాయి. దానికి విరుగుడుగా ఎత్తైన గడప కడతారు. ఆ గడపకే పెద్దవాళ్ళు కాలు తట్టుకుని పడతారు. కనుక పాత నాపరాళ్ళు తీయించే టైల్సు వేయించండి. స్నానాల గది నేల పక్క గది కంటే ఒక అంగుళం కిందకు ఉంటే గడప అవసరమే ఉండదు.

టైల్సు కింద సిమెంటు ఆధారిత వాటర్‌ప్రూఫింగు రెండు పూతలు వేయించి, నేలకూ గోడకూ కలిసే మూలల్లో గోడ మీదికి అడుగు ఎత్తు దాకా పూయించండి. తూము మూసి, రెండు అంగుళాల నీళ్ళు 48 గంటలు నిలిపి, అవతలి గోడ మీద చెమ్మ వస్తుందేమో చూశాకే టైల్సు మొదలుపెట్టమనండి. టైల్సు గరుకువి కొనండి. దుకాణంలో నాలుగు చుక్కల నీళ్ళు పోసి, బొటనవేలితో రాసి చూస్తే జారుడు తెలుస్తుంది.

7. కమోడు, దాని వెనక గుంతలు

మోకాళ్ళ నొప్పులున్నవారికి కమోడు ఎంతో ఊరట. కానీ ముందు గుంతల సంగతి చూడండి. 2014 తరువాత స్వచ్ఛ భారత్ మిషన్ కింద 12,000 రూపాయల సాయంతో కట్టిన మరుగుదొడ్లలో చాలావాటికి సిమెంటు వరల ఇంకుడు గుంతలే ఉన్నాయి. చెంబెడు నీళ్ళతో, అంటే రెండు లీటర్ల లోపు నీటితో, శుభ్రమయ్యేలా వాటిని రూపొందించారు. కమోడు ట్యాంకు ఒక్కసారి వదిలితే ఆరు లీటర్లు పోతాయి. అంత నీటిని నల్లరేగడి నేల తాగలేదు. గుంత తొందరగా నిండుతుంది, వానాకాలంలో కమోడులోకే వెనక్కి ఎగదన్నుతుంది.

అందుకని మూడు జాగ్రత్తలు తీసుకోండి. మూడు, ఆరు లీటర్ల రెండు బటన్ల ఫ్లష్షు మాత్రమే కొనండి. గుంతకు వెళ్ళే గొట్టం మూడు అంగుళాలదైతే దాన్ని 110 మిల్లీమీటర్లకు మార్పించండి. స్నానం నీళ్ళు, బట్టల నీళ్ళు ఏ పరిస్థితిలోనూ ఆ గుంతలోకి పోకుండా, వాటికి వేరే ఇంకుడు గుంత తవ్వించండి. రెండు గుంతలు ఉంటే ఒకసారికి ఒకటే వాడాలి. నిండినదాన్ని మూసి రెండేళ్ళ దాకా కదపకుండా వదిలితే లోపలిది ఎరువుగా మారుతుంది. రెండింటికీ ఒకేసారి దారి తెరిచి వాడితే ఆ ఏర్పాటుకు అర్థమే ఉండదు. తాగునీటి బావికి, బోరుకు గుంత కనీసం పది మీటర్ల దూరంలో ఉండాలి. నేల అసలు ఇంకనివ్వకపోతే సెప్టిక్ ట్యాంకు తప్పదు.

ఇదంతా ఇప్పుడు కుదరకపోతే, పాత బేసిను మీద పెట్టుకునే కమోడు కుర్చీ కొనండి. గుంతలు మార్చనక్కరలేదు, మోకాళ్ళకు ఊరట మాత్రం కమోడుతో సమానంగానే ఉంటుంది.

పట్టుకునే కడ్డీని కొలత టేపుతో కాక మనిషిని బట్టి బిగించండి. అమ్మనో నాన్ననో అక్కడ కూర్చోబెట్టి, లేవమని, వారి చెయ్యి సహజంగా ఎక్కడికి పోతుందో అక్కడ పెన్సిలు గీత పెట్టండి. గోడ మెత్తనిదైతే కడ్డీ కాళ్ళను నేల కాంక్రీటులో పాతించండి. బిగించాక మీ బరువంతా వేసి లాగి చూడండి. తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించండి. లోపల పడినవారు తలుపుకు అడ్డంగా ఉంటే లోపలికి తెరుచుకునే తలుపును తీయలేరు.

8. ఇప్పుడు గీజరు కొనండి

ఇద్దరున్న ఇంటికి 15 లీటర్లు చాలు. అరవై డిగ్రీల పదిహేను లీటర్లకు, ఇరవై డిగ్రీల చల్లనీళ్ళు అంతే కలిపితే నలభై డిగ్రీల ముప్పై లీటర్లు వస్తాయి. దానికి అయ్యే కరెంటు ముప్పాతిక యూనిట్ లోపే. ఆదిలాబాదు వైపు, లంబసింగి, చింతపల్లి వైపు, శీతాకాలం తెల్లవారుజామున పది డిగ్రీల లోపుకు దిగే ఊళ్ళకు మాత్రం 25 లీటర్లది తీసుకోండి. మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజరు చౌకగా వస్తుంది కానీ 3 కిలోవాట్లు లాగుతుంది. వోల్టేజి తక్కువ ఉన్న ఊళ్ళో దానితో బకెట్టు నిండడానికి పది నిమిషాలు దాటుతుంది.

గ్యాస్ గీజరును స్నానాల గది లోపల పెట్టవద్దు. కిటికీ మూసిన చిన్న గదిలో అది వదిలే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువుకు వాసన ఉండదు, మనిషికి తెలియకుండానే స్పృహ పోతుంది. పెడితే బయటి గోడకే పెట్టాలి. బకెట్టులో వేసే కరెంటు రాడ్డు పెద్దవాళ్ళున్న ఇంట్లో అసలే వద్దు. స్విచ్చి తీయకుండా నీళ్ళు వేడెక్కాయా అని వేలు పెట్టి చూడడం ఎవరికైనా అలవాటే.

ఎండ బాగా పడే స్లాబు ఉంటే 100 లీటర్ల సోలారు హీటరు మంచి ప్రత్యామ్నాయం. అద్దాల గొట్టాలు దక్షిణం వైపు చూడాలి, చల్లనీళ్ళ ట్యాంకు దాని ట్యాంకు కంటే ఎత్తున ఉండాలి. పెంకుల మీద బిగించవద్దు. కట్టెల బాయిలరు ఇప్పటికే ఉంటే దాన్ని తీసివేయకండి. కరెంటు లేని రోజున అదే పనికొస్తుంది. పొగ ఇంట్లోకి రాకుండా పెరట్లో ఉంచితే చాలు.

గీజరు బిగించాక మొదటిసారి ఇలా చేయండి. స్విచ్చి వేయకుండా వేడినీళ్ళ కుళాయి తిప్పి, గాలి బుసలు ఆగి ధార నిలకడగా వచ్చేదాకా ఆగండి. ఖాళీ గీజరుకు కరెంటు ఇస్తే లోపలి కాయిలు నిమిషాల్లో కాలిపోతుంది. వేడెక్కేటప్పుడు సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు పడడం మామూలే. లీకు అనుకుని దాన్ని బిగించేయకండి, మూసేయకండి. చిన్న గొట్టం పెట్టి బయటికి వదలండి. థర్మోస్టాటును పెద్దవాళ్ళున్న ఇంట్లో 50 డిగ్రీల దగ్గర ఉంచండి. 60 డిగ్రీల నీళ్ళు నేరుగా పడితే కొన్ని సెకన్లలోనే చర్మం కాలుతుంది. బకెట్టులో ముందు చల్లనీళ్ళు, తరువాత వేడినీళ్ళు పట్టుకోవడం అలవాటు చేయించండి.

పని సరిగా జరిగిందో లేదో చూసుకోవడం

గీజరు నడుస్తుండగా, ఎలక్ట్రీషియను చేత మల్టీమీటరుతో న్యూట్రలుకు, ఎర్తుకు మధ్య కొలిపించండి. రెండు మూడు వోల్టులు దాటితే లైనులో ఎక్కడో లోపం ఉంది. ఫేజుకు, ఎర్తుకు మధ్య దాదాపు ఇంటి వోల్టేజి అంతా కనిపించాలి.

ఆర్‌సీసీబీ మీద ఉన్న టెస్టు బటన్ నెలకోసారి నొక్కండి. అయితే ఆ బటన్ నొక్కితే స్విచ్చి పడింది కనుక ఎర్తు కూడా బాగుందని అనుకోవద్దు. ఎర్తు లేకపోయినా ఆ బటన్ పనిచేస్తుంది. ఎర్తును తేల్చుకోవాలంటే ఎలక్ట్రీషియను ఫేజుకు, ఎర్తుకు మధ్య ఒక పాతకాలపు ఫిలమెంటు బల్బు పెట్టి చూడాలి. ఆర్‌సీసీబీ వెంటనే పడిపోతే ఎర్తు ఉన్నట్టు. పడకుండా, బల్బు వెలగకుండా ఉంటే రెండో మెట్టుకు తిరిగి వెళ్ళండి. ఈ పరీక్ష మీరు స్వయంగా చేయవద్దు.

నేల మీద ఒక బకెట్టు నీళ్ళు కుమ్మరించి, రెండు నిమిషాల తరువాత ఎక్కడైనా మడుగు నిలిచిందేమో చూడండి. మేస్త్రికి డబ్బు పూర్తిగా ఇచ్చేది ఆ తరువాతే.

బోరు నీళ్ళు సబ్బు నురగ రానంత ఉప్పగా ఉన్న ఊళ్ళో ఏడాదికోసారి మెకానిక్కును పిలిచి, కాయిలు మీద పేరుకున్న తెల్ల పెచ్చు తీయించి, లోపలి మెగ్నీషియం కడ్డీ ఎంత కరిగిందో చూపించమని అడగండి. పెన్సిలంత సన్నబడితే మార్పించాలి, లేకపోతే తుప్పు ట్యాంకును తినడం మొదలుపెడుతుంది. ఎండాకాలంలో ఎర్తు గుంట గరాటులో వారానికి రెండు బిందెల నీళ్ళు పోయమని ఇంట్లో ఎవరో ఒకరికి పేరు పెట్టి అప్పగించండి. మా ఇంట్లో తులసికి నీళ్ళు పోసే సమయంలోనే అమ్మ ఆ గరాటులోనూ పోస్తుంది.